పనిబల్ల దగ్గర: నడుములోనే ఎందుకు విరుగుతుంది?

ప్రశ్న: గురువు గారూ, నమస్తే. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నడుము సన్నగా ఉండే చిన్న గిటారు ఒకటి చేస్తున్నాను. పక్క చెక్కలు బాగానే వంగాయి. పై పలక పట్టుకు వాటి లోపలి అంచుకు అంటించే లైనింగ్ బద్దలకు చేతిరంపంతో గాట్లు పెట్టాను. వెడల్పు భాగాల్లో చక్కగా కూర్చుంటున్నాయి, నడుము దగ్గరకు రాగానే విరుగుతున్నాయి. ఇప్పటికి నాలుగు బద్దలు పోయాయి. గాట్లు ఇంకా లోతుగా పెట్టమంటారా?

జవాబు: వద్దు. ఐదోది కూడా పోతుంది.

ఒక బద్దను చేతిలోకి తీసుకుని మెల్లగా వంచి చూడండి. గాట్లు గిటారు లోపలి వైపు ఉంటాయి కదా. వెడల్పు భాగంలో బద్ద వంగితే అవి మూసుకుంటాయి. ఎక్కడైనా గాటు అడుగు కాస్త పలచబడినా, దానికి ఇరువైపుల ముక్కలూ ఆనుకోగానే అక్కడ వంపు ఆగి, మిగిలినది పక్క గాటుకు పోతుంది. నడుములో వంపు ఎదురు తిరుగుతుంది. గాట్లు నోరు తెరుస్తాయి, ఆపడానికి ఏమీ ఉండదు. అన్నిటికన్నా పలచని చోటే భారమంతా మోసి టక్కుమంటుంది. మీ గాట్లకు లోతు చాలక కాదు, లోతు ఒక్కలా లేక విరుగుతున్నాయి.

రంపపు రేకుకు ఇరువైపులా సన్నని చెక్కపట్టీలు బిగించండి. అడుగున 1 మి.మీ. కన్నా కొద్దిగా తక్కువ చెక్క మిగలగానే రంపం దానంతట అదే ఆగాలి. గాటుకూ గాటుకూ 6 మి.మీ. దూరం చాలు. నడుముకు వచ్చే జానెడు భాగాన్ని, గాట్లు లేని వైపు, తడిగుడ్డతో తుడిచి, పక్క చెక్కలు వంచిన వేడి గొట్టం మీదే మెల్లగా వంచి ఆరనివ్వండి. ఆ తర్వాతే జిగురు.

ఇక పీచు, అంటే చెక్కలో నార పారే దారి. హనుమకొండలో ముప్పై ఏళ్లు తలుపులు, కిటికీలు చేశాను. ద్వారబంధంలో పీచు కాస్త పక్కకు పారినా అడిగినవాళ్లు లేరు. ఆ ధీమాతోనే మొదటి గిటారుకు బద్దలు కోస్తే వాటిలో రెండు నా చేతుల్లోనే విరిగాయి. చూస్తే పీచు బద్ద వెంట పోకుండా ఏటవాలుగా బయటికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి చెక్కను ముందు ఉలితో చీలుస్తాను. అది చీలిన దారినే గీత గీసి కోస్తాను. చెక్క వృథా అవుతుందని మా అబ్బాయి గొణుగుతాడు. గొణగనీయండి.

విరిగిన నాలుగు బద్దలనూ పారేయకండి. స్పెయిన్ పద్ధతి క్లాసికల్ గిటార్లలో పై పలకకు బద్దే ఉండదు. చిన్న చిన్న చెక్కముక్కలను ఒక్కొక్కటిగా వరసగా అంటిస్తారు. మీ విరుగుళ్లు కూడా పక్కపక్కనే అంటించుకోవచ్చు.

బిగించడానికి బట్టలకు పెట్టే చెక్క క్లిప్పులు కొనండి. వాటి పట్టు చాలదు కాబట్టి పాత సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసి ఒక్కోదానికి చుట్టండి. ఒక పక్క చెక్కకే నలభైకి పైగా కావాలి. బద్ద అంచు పక్క చెక్క కన్నా 1 మి.మీ. పైకి ఉండేలా అంటించి, ఆరాక రెండింటినీ కలిపి చిత్రిక పట్టండి.

ప్రశ్న: మాది నిర్మల్. బొమ్మలకు వాడే పొణికి కర్ర చాలా తేలిక కదా, లైనింగ్‌కు పనికిరాదా?

జవాబు: నాకూ ఆ ఆశ ఉండేది. గాట్లు వెన్నలో పెట్టినట్టు పడ్డాయి, వంపు కూడా బాగానే తిరిగింది. చిక్కంతా తర్వాత వచ్చింది. గిటారు అంచుకు బైండింగ్ పట్టీ పెట్టడానికి గాడి తీస్తాం. పక్క చెక్క మందమే 2 మి.మీ., అందులో చాలా భాగం ఆ గాడికే పోతుంది. అక్కడ పై పలకను పట్టుకుని ఉండేది లోపలి బద్దే. పొణికి అంచు ఆ కోతకు పొడిపొడిగా రాలింది. గోరు నొక్కినా గుంట పడే కర్ర అది. బొమ్మ చెక్కేవారికి ఆ మెత్తదనమే వరం. మీరు మహాగని చూడండి, లేదా సితార్లకు వాడే తూన్ కర్ర. టేకు జోలికి మాత్రం పోకండి. బరువు, పైగా దానిలోని నూనె జిగురును సరిగా పట్టనివ్వదు.

ప్రశ్న: వానాకాలంలో లైనింగ్ అంటించవచ్చా? (జనగామ పాఠకురాలు)

జవాబు: లైనింగ్‌కు ఫరవాలేదమ్మా. పై పలకనూ, దాని అడుగు పట్టీలనూ మాత్రం ముసురులో అంటించకండి. తేమ పీల్చి ఉబ్బిన పలక మే నెల ఎండకు కుంచించుకుపోతుంది, అంచులేమో కదలనివ్వవు, నడిమధ్య పగులుతుంది. గదిలో తేమ కొలిచే మీటరు ఒకటి తగిలించి, అది 45, 50 శాతం మధ్య చూపించే రోజు వరకు ఆగండి.