తగ్గింపూ, తగ్గించుకొనడమూ

సందేహం: మా క్రైస్తవ సంఘంలో ప్రతి ఆదివారం “విశ్వాసి తగ్గింపు జీవితం కలిగి ఉండాలి” అని చెప్తారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఈ మాట విని నవ్వి, తగ్గింపు అంటే బట్టల దుకాణంవాళ్లు ఇచ్చేది, వినయం అనాలి అంటున్నాడు. ఎవరిది ఒప్పు? మా దిక్కు క్రైస్తవులను “ప్రభువును నమ్ముకున్నోళ్లు” అంటారు. “నమ్మినవాళ్లు” అనకుండా ఇట్లా అనడం సరైనదేనా? దేవునియందు నమ్మకం, దేవుని మీద నమ్మకం – వీటిలో ఏది రాయాలి?
– దేవరకొండ ప్రాంతపు పాఠకుడు

సమాధానం: మీరు మూడు సందేహాలు అనుకొని పంపిన వాటిలో మొదటి రెండూ నిజానికి ఒకటే, అది ‘కొను’ అనే చిన్న ధాతువుకు సంబంధించినది. ఈ వాక్యంలోనే ‘అనుకొని’ అంటూ నేను దాన్ని వాడుకొన్నాను. అది లేకుండా తెలుగువాడికి పూట గడవదు. క్రియాఫలం కర్తకే చెందేటప్పుడు ధాతువుకు ‘కొను’ చేరుతుందని బడిలో అందరూ చదివినదే. అయితే ఆ సూత్రం చదివినవారిలో ఎందరు దాని బరువును తూచి చూశారో నాకు అనుమానమే.

బైబిలులో ఒక్క ‘తగ్గు’ ధాతువు ఎన్ని రూపాల్లో ఎంత జాగ్రత్తగా వాడారో చూడండి. బాప్తిస్మమిచ్చే యోహాను, క్రీస్తును గురించి “ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది” అంటాడు. ఇక్కడ ‘కొను’ లేదు, ఎందుకంటే పొద్దు పొడిచినప్పుడు చుక్కలు తగ్గినట్లు అది తనంత తానుగా జరిగిపోవలసినది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో క్రీస్తు విషయం వచ్చేసరికి “తన్ను తానే రిక్తునిగా చేసికొనెను”, “తన్నుతాను తగ్గించుకొనెను” అని రెండుసార్లూ ‘కొను’ పడింది. ఆయనను ఎవరూ తగ్గించలేదని, ఆ పని ఆయనే తన మీద తాను చేసికొన్నాడని చెప్పడానికి ఆ రెండక్షరాలే ఆధారం. ఇక లూకా సువార్తలో “తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును” అన్న వాక్యం ఉంది. ‘పడు’ చేర్చిన కర్మణి ప్రయోగం తెలుగుకు పొసగదని నేనే ఎన్నోసార్లు ఈ శీర్షికలో విసుక్కొన్నాను. ఇక్కడ మాత్రం నోరెత్తలేను. తగ్గించుకొనడం మనిషి చేతిలో ఉంది కనుక ‘కొను’, హెచ్చించడం దేవుని చేతిలో ఉంది కనుక ‘పడు’. ఆ వాక్యంలో ‘హెచ్చించుకొనును’ అని ఉంటే అర్థమే తలకిందులయ్యేది.

ఇప్పుడు ‘తగ్గింపు’ సంగతి. చెల్లించు నుంచి చెల్లింపు వచ్చినట్లే తగ్గించు నుంచి తగ్గింపు వచ్చింది కాబట్టి వ్యాకరణరీత్యా దానికి లోటు లేదు. లోటల్లా ‘కొను’ జారిపోవడంలోనే ఉంది. ‘జీతంలో తగ్గింపు’ అన్నప్పుడు తగ్గించినవాడు యజమాని, తగ్గినది నౌకరు బతుకు. అదే మాటతో ‘తగ్గింపు జీవితం’ అంటే, ఎవరు ఎవరిని తగ్గించారో మాట చెప్పదు. ఇది పండితుల పేచీ కాదు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సంఘాల్లో చేరినవారిలో అధికులు దొరల ముందు “నీ బాంచెన్, కాల్మొక్త” (నీ బానిసను, కాళ్లు మొక్కుతాను) అనక తప్పని ఇళ్లనుంచి వచ్చినవారే. ఆ ‘బాంచెన్’లో చివరి నకారం ‘నేను’ను తెలిపే ప్రత్యయం, “నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను” అని క్రీస్తు అన్న మాటలో ఉన్న ‘ను’ కూడా అదే. ప్రత్యయం ఒకటే అయినా, మొదటిది భయం పలికించిన మాట, రెండోది తనంత తాను పలికిన మాట. ‘అణకువ’కూ ‘అణగారిన’కూ ధాతువు ఒకటే (అణగు) అన్నది కూడా ఇక్కడే గుర్తు చేసికోవాలి. అణగారినవాడికి అణకువ బోధించేవాడు ముందు తన వ్యాకరణం సరిచూసికోవాలి.

నమ్మకం మాటకొస్తే, ‘నమ్ము’ మన ద్రావిడ సొత్తు. తమిళ కన్నడాల్లో ఇది ‘నంబు’. అక్కడి ‘ంబ’ ఇక్కడ ‘మ్మ’ కావడం తంబి–తమ్ముడు, కొంబు–కొమ్ము, అంబు–అమ్ము జంటల్లో మీకు తెలిసిందే. ‘విశ్వాసం’ సంస్కృతం, అందులో ఉన్నది ఊపిరికి సంబంధించిన ‘శ్వస్’ ధాతువు, అంటే భయం లేకుండా ఊపిరి పీల్చుకొనే స్థితి. ‘నమ్మకస్థుడు’ అని తెలుగు మాటకు సంస్కృతపు తోక తగిలించేవారు, బైబిలులోని “నమ్మకమైన మంచి దాసుడా” అన్న పలుకును ఒకసారి చదివితే బాగుంటుంది.

మాటను నమ్ముతాం, మనిషిని నమ్ముకొంటాం. నమ్మడం బుద్ధి చేసే పని, నమ్ముకొనడం బతుకును ఒక చోట ఆనించడం. పాలమూరు రైతు వానను నమ్ముకొంటాడు, వాన మోసం చేసిన ఏడు వలసకూలీగా రెక్కలను నమ్ముకొంటాడు. మర్రిగూడ వైపు తాము నమ్ముకొన్న బోరునీళ్లలోని ఫ్లోరైడే మనుషుల ఎముకలను వంచింది. నమ్ముకొనడంలో అంత ముప్పు ఉంది, అంత పణమూ ఉంది. యాకోబు పత్రికలో “దయ్యములును నమ్మి వణకుచున్నవి” అని ఉంది. గమనించండి, అవి ‘నమ్మి’నవే గాని ‘నమ్ముకొని’నవి కావు. ముప్పై ఏడవ కీర్తనలో మాత్రం “నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము, నీవు ఆయనను నమ్ముకొనుము” అని ఉంది. అప్పగించిన తర్వాత మిగిలేది నమ్ముకొనడమే కదా. అనువాదకులు ఈ తేడాను అన్ని చోట్లా పాటించారని నేను అనను, చాలాచోట్ల ‘విశ్వాసముంచు’తో సరిపెట్టారు. అయినా “ప్రభువును నమ్ముకున్నోళ్లు” అన్న మీ ఊరి మాట ఏ పండితుడూ దిద్దనవసరం లేనిది.

దీనత, నమ్మకం ఒకచోట కలిసిన తెలుగు పద్యం కావాలంటే నేను బమ్మెర దాకా వెళ్లి వస్తాను, పాఠకులు నా ఈ పిచ్చిని మన్నించాలి. భాగవతం ఎనిమిదో స్కంధంలో పోతన గజేంద్రుని చేత ‘దీన’ శబ్దాన్ని రెండుసార్లు పలికిస్తాడు. మొదట “కలడందురు దీనులయెడ” అన్న కందంలో. అక్కడ దీనులు ఎవరో పరాయివాళ్లు, వాళ్ల పట్ల దేవుడు ఉంటాడని జనం అంటారట. ఆ ‘అందురు’ను పట్టుకొనే ఏనుగు చివరికి “కలడు కలండనెడివాడు కలడో లేడో” అని సందేహపడుతుంది. కొంచెం తర్వాత “లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె” అంటూ మొదలయ్యే శార్దూలంలో “నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్” అంటుంది. ఇప్పుడు దీనుడు తానే. బలం పోయిందని, ప్రాణాలు ఠావులు తప్పాయని, మూర్ఛ వచ్చిందని వరుసగా లెక్క ఒప్పజెప్పి, ఆ లెక్క అడుగున తన పేరు ‘దీనుడు’ అని రాసికొన్నది. బహువచనంలో ఉన్న దీనులు ఏకవచనంలో తానైనప్పుడే ‘కలడో లేడో’ పోయి “రావే యీశ్వర” వచ్చింది. “ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు” అన్న కొండమీది మాట ఈ పద్యం విని పెరిగిన చెవిలో పడితే, దీనుడంటే జాలిపడవలసినవాడు అనే వార్తాపత్రికల అర్థం దగ్గర ఆగిపోదు. దీనస్థితి, దీనగాథ అంటూ ఆ మాటను ఏడుపుకు అద్దెకిచ్చినవారిని ఏమనాలి?

మీ అబ్బాయి సూచించిన ‘వినయం’ మంచి మాటే, కాని అది చదువూ శిక్షణా నేర్పే నడవడి. ఇక్కడ కావలసిన లోతు దానికి చాలదు. దుకాణం బోర్డుల కారణంగా ‘తగ్గింపు’ను వెలివేయాలని కూడా నేను తీర్పు చెప్పను. ‘సమాధానం’ అంటే ఈ శీర్షికలో జవాబు, “మీకు సమాధానము కలుగును గాక” అన్నప్పుడు శాంతి. సంఘంలో వాడుకపడిన మాటకు సంఘంలో ఆ అర్థం చెల్లుతుంది. నా మటుకు నేను రాయవలసివస్తే ‘తగ్గించుకొని బతకాలి’ అంటాను. ‘జీవితం కలిగి ఉండాలి’ అన్న ఆ ‘కలిగి ఉండు’ మాత్రం ఇంగ్లీషు వాక్యానికి తొడిగిన తెలుగు చొక్కా, దాన్ని వదలుకొంటే మేలు. ఇప్పుడిప్పుడే ‘హంబుల్‌గా ఉండండి’ అంటున్న కుర్ర బోధకులకంటే మీ పాస్టరుగారు ఎంతో నయం.

దేవునియందు, దేవుని మీద – రెండూ ఒప్పే. “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అన్న పేతురు మాటలో ‘మీద’ కాక వేరేది పెట్టి చూడండి, బరువు దిగదు. ‘దేవునిలో నమ్మకం’ అని మాత్రం రాయకండి.