ఆర్ స్క్వేర్ 0.999 వచ్చిందా? అయితే ఇంకొక్క గ్రాఫ్ గీయండి

మీ ప్రశ్న ఇది: "కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు స్టాటిస్టిక్స్ విడిగా నేర్చుకోవాలా? యూవీ మెషీన్ సాఫ్ట్‌వేరే గీత గీసి, ఆర్ స్క్వేర్ వేసి, జవాబు ఇచ్చేస్తోంది కదా?"

నేర్చుకోవాలి. ఆర్ స్క్వేర్ అంటే చుక్కలు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, 1 వస్తే అన్నీ గీత మీదే ఉన్నట్టు. సాఫ్ట్‌వేర్ ఆ లెక్క తప్పు చేయదు, నిజమే. కానీ దానికి ఇచ్చిన అంకెలు ఎలాంటివో దానికి తెలియదు. నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ సంగతి మాత్రం నాకు కంపెనీలో కాదు, విశాఖలో ఎం.ఎస్సీ. చివరి ఏడాదిలోనే తెలిసొచ్చింది.

నా ప్రాజెక్టు పారాసిటమాల్ మాత్రల మీద. మాత్రలు నూరి, పలచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, 257 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్, అంటే ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో, యూవీ మెషీన్‌లో చూడాలి. మిల్లీలీటరుకి 5, 10, 15, 20, 25 మైక్రోగ్రాముల చొప్పున అయిదు స్టాండర్డ్‌లు, అంటే మందు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు, చేశాను. రీడింగులు 0.355, 0.706, 1.050, 1.377, 1.674. ఈ అయిదు అంకెలూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. గీత గీస్తే ఆర్ స్క్వేర్ 0.9989. మూడు తొమ్మిదులకి దగ్గరగా వచ్చిందని ఆ రాత్రి హాస్టల్ నుంచి అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మర్నాడు శాంపిల్ పెట్టాను. ఒకే మాత్రల పొడి, ఒకే ఫ్లాస్కు. అందులోంచి రెండు డైల్యూషన్లు చేశాను, ఒకటి 5 మైక్రోగ్రాముల దగ్గరికి, ఇంకోటి 15 దగ్గరికి వచ్చేలా. మొదటిది లేబుల్ మీద రాసినదాంట్లో 95.3 శాతం మందు ఉందంది. రెండోది 101.8 అంది. పిపెట్ మార్చాను, ఫ్లాస్కు కడిగాను, పొడి మళ్లీ తూచాను. మళ్లీ 95, మళ్లీ 102. మూడు రోజులు అదే వరస. ఒకటే టెన్షన్, అన్నం సహించలేదు. చివరికి రెండింటికీ సగటు వేస్తే 98.5 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది కదా అని రికార్డులో పెన్సిల్‌తో రాసుకున్నాను.

మా మాస్టారు ఆ పెన్సిల్ అంకె చూశారు. కోప్పడలేదు. "ఏమ్మా, ఒకే సీసాలో మందు రెండు రకాలుగా ఎలా ఉంటుంది? సగటు వేస్తే ఆ తేడా ఎక్కడికి పోయింది?" అన్నారు. గ్రాఫ్ కాగితం తెమ్మని, నా అయిదు రీడింగులూ గీత నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో లెక్కేయించారు. మైనస్ 0.016, ప్లస్ 0.005, ప్లస్ 0.018, ప్లస్ 0.014, మైనస్ 0.020. వాటిని చుక్కలుగా పెట్టించారు. చివరలు రెండూ కిందికి, నడుమ పైకి, అచ్చం విల్లులా వచ్చింది.

"నీ చెయ్యి వణికితే ఈ చుక్కలు ఇష్టమొచ్చినట్టు చెదిరిపోతాయమ్మా. ఇవి వరసగా నిలబడ్డాయి. తప్పు నీది కాదు, మెషీన్‌ది" అన్నారు. మూడు రోజుల తర్వాత నేను ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

సంగతేంటంటే, ఆ మెషీన్‌లో దారి తప్పిన కాంతి, అంటే స్ట్రే లైట్, సుమారు అర శాతం డిటెక్టర్ మీద పడుతోంది. 5 మైక్రోగ్రాముల ద్రావణం నుంచి 44 శాతం కాంతి బయటికి వస్తుంది, దానికి అర శాతం కలిసినా తేడా పెద్దగా తెలియదు. 25 మైక్రోగ్రాముల దగ్గర వచ్చేదే 1.6 శాతం. దానికి అర శాతం తోడైతే 1.79 రావాల్సిన అబ్జార్బెన్స్ 1.67కి దిగిపోతుంది. అలా పైన వంగిన చుక్కలు గీతనంతా తమవైపు లాగేశాయి. దాంతో కింద గీత సున్నా దగ్గర మొదలవ్వాల్సింది 0.04 దగ్గర మొదలైంది. మందే లేని నీళ్లకి 0.04 రీడింగా! ఆ ఇంటర్‌సెప్ట్, అంటే గీత మొదలయ్యే అంకె, మూడు రోజులుగా స్క్రీన్ మీద ఆర్ స్క్వేర్ పక్కనే ఉంది.

స్ట్రే లైట్ సంగతి తేల్చుకోడానికి లీటరుకి 12 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ద్రావణం పెట్టి 198 నానోమీటర్ల దగ్గర చూశాం. బాగున్న మెషీన్ అయితే అబ్జార్బెన్స్ 2 దాటాలి. దాటలేదు. సర్వీస్ ఇంజినీర్ వచ్చి విప్పి చూపించారు, సముద్రపు గాలి తేమకి లోపలి అద్దాలు మసకబారిపోయాయి. అద్దాలు మార్చేదాకా ఆగకుండా స్టాండర్డ్‌లను 2 నుంచి 10 మైక్రోగ్రాములకి దించాను. రెండు డైల్యూషన్లు 99.4, 100.1 ఇచ్చాయి. మాస్టారు అప్పుడు సంతకం పెట్టారు.

తేమ అంటే ఇంకో బాధ గుర్తొస్తోంది. మన ఊళ్లో ఐఆర్, అంటే పరారుణ కాంతి పరీక్ష కోసం పొటాషియం బ్రోమైడ్ బిళ్ల నొక్కడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. పొడి ఓవెన్‌లోంచి తీసిన కాసేపటికే తేమ పీల్చేస్తుంది. గ్రాఫ్‌లో 3400 సెం.మీ⁻¹ దగ్గర వెడల్పాటి మూపు, 1640 దగ్గర చిన్న గుర్తు కనిపిస్తే అవి నీళ్లవి. వాటిని చూసి కాంపౌండ్‌లో హైడ్రాక్సిల్ గ్రూప్ ఉందని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు నేను ఎన్నో చూశాను. ఖాళీ బిళ్ల ఒకటి పక్కన తీసి పోల్చుకుంటే పోయేదానికి!

ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లల్ని చూస్తే ఇంకా బాధేస్తుంది. అబ్జార్బెన్స్ గాఢతకి తగ్గట్టు పెరుగుతుందనే బీర్ లాంబర్ట్ సూత్రం గడగడా చెప్తారు. ఒకే క్యూవెట్‌ని, అంటే ద్రావణం పోసే చిన్న పాత్రని, కదపకుండా మూడుసార్లు బటన్ నొక్కి "మూడు రీడింగులు తీశాం మేడమ్" అంటారు. అది మెషీన్‌ని మూడుసార్లు అడగడమే గానీ, శాంపిల్‌ని మూడుసార్లు చేసినట్టు కాదు. తూకం దగ్గర్నుంచి మూడుసార్లు విడిగా చేస్తేనే మీ పనిలో చెదురు ఎంతో తెలుస్తుంది. గీతకి దూరంగా ఉన్న చుక్కని కారణం రాయకుండా తీసేసి ఆర్ స్క్వేర్ పెంచేవాళ్లూ ఉన్నారు. అలాంటి రికార్డు మీద నేను సంతకం పెట్టను. తప్పు పిల్లలది కాదు, ల్యాబ్ ఒక గదిలో, లెక్కలు ఇంకో గదిలో నేర్పిస్తున్నాం.

అదీ ఎక్కడ? విశాఖపట్నంలో! 1928లో కాంతి చెదరడంలో కొత్త సంగతి కనిపెట్టి 1930లో నోబెల్ తెచ్చుకున్న సి.వి. రామన్ బాల్యం, స్కూలు చదువు ఈ ఊళ్లోనే. వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. 1945లో స్టాటిస్టిక్స్‌నే మలుపు తిప్పిన పేపర్ రాసిన సి.ఆర్. రావు గణితం ఎం.ఏ. చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఇవాళ మా గోడౌన్‌లో, రామన్ కనిపెట్టిన ఆ సంగతి మీదే పనిచేసే, చేతిలో పట్టుకునే రామన్ మెషీన్ ఉంది. డ్రమ్ములోని పాలిథిన్ సంచి విప్పకుండానే, లోపలి పొడి స్పెక్ట్రాన్ని, అంటే అది కాంతిని చెదరగొట్టే తీరుని, మెషీన్‌లో దాచిన లైబ్రరీలోని స్పెక్ట్రంతో లెక్క కట్టి పోల్చి పాస్, ఫెయిల్ చెబుతుంది. ఆ లెక్క ఎలా జరుగుతుందో తెలియని మనిషి, రేణువు సైజులో తప్ప తేడాలేని రెండు సెల్యులోజ్ గ్రేడ్‌లకీ పాస్ వచ్చిందని చూసి, అది ఫలానా గ్రేడే అని రాసేస్తాడు.

మీరు పెద్ద పుస్తకాలతో మొదలుపెట్టక్కర్లేదు. నేను పైన ఇచ్చిన అయిదు రీడింగుల్నీ ఎక్సెల్‌లో వేసి గీత గీయించండి. తర్వాత ప్రతి రీడింగు నుంచి గీత చెప్పే విలువ తీసేసి, ఆ మిగిలినవాటిని ఇంకో గ్రాఫ్‌లో పెట్టండి. ఆ విల్లు మీకే కనిపిస్తుంది. అది కనిపించాక మీ సొంత ల్యాబ్ పాత రికార్డు ఒకటి తీసి, అవే లెక్కలు దాని మీద చేయండి.