అయస్కాంత క్షేత్రాన్ని కొలవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పరికరానికి ఏ సెన్సర్ మేలని అడిగావు. ముందుగా నీవు కొలవదలచిన క్షేత్రం ఎంతటిదో లెక్కగట్టుకో. క్షేత్రాన్ని టెస్లాలలో కొలుస్తాం; భూమి క్షేత్రం 25 నుంచి 65 మైక్రోటెస్లాల (టెస్లాలో పది లక్షలవ వంతుల) మధ్య ఉంటుంది. మెదడు నుంచి తల వెలుపలికి చేరేది సుమారు 100 ఫెమ్టోటెస్లాలు, అంటే భూక్షేత్రంలో కొన్ని పదుల కోట్లవ వంతు. ఇంత తేడాను ఒకే రకం సెన్సర్ మోయలేదు.

మోటారు ఇరుసు తిరుగుడును గుర్తించడానికైతే, ఎడ్విన్ హాల్ 1879లో పలుచని బంగారు రేకులో కనుగొన్న ప్రభావంతో (విద్యుత్ పారే రేకులో క్షేత్రం వల్ల అడ్డంగా వోల్టేజి పుట్టడం) పనిచేసే సిలికాన్ చిప్ చాలు. అంతకన్నా బలహీనమైన క్షేత్రాలకు టనెల్ మాగ్నెటోరెసిస్టెన్స్ సెన్సర్లు వచ్చాయి; వీటిలో రెండు అయస్కాంత పొరల మధ్యనున్న పలుచని బంధక పొర గుండా విద్యుత్ నిరోధం క్షేత్రాన్ని బట్టి మారుతుంది. 2004లో మెగ్నీషియం ఆక్సైడ్ పొరతో గది ఉష్ణోగ్రత వద్దనే నిరోధం దాదాపు 200 శాతం మారుతుందని తేలినప్పుడు మేమందరం ఎంతో సంతోషించాం. అయితే సంకేతం పెరిగినంత మాత్రాన కొలత మెరుగుపడదు; తక్కువ పౌనఃపున్యాల వద్ద ఆ సెన్సర్లలో రొద, అంటే సంకేతంలో కలిసిపోయే అనవసర ఒడిదుడుకులు కూడా బాగా పెరుగుతుంది. అందువల్ల తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో సున్నితత్వం అంకెను చూసి ఆగిపోక, నీకు కావలసిన పౌనఃపున్యం వద్ద రొద ఎంతో చూడు.

మెదడు క్షేత్రాల విషయంలో వచ్చిన మార్పు నన్ను నిజంగా కదిలించింది. అతివాహక వలయాలతో పనిచేసే స్క్విడ్ సెన్సర్లను ద్రవ హీలియంలో, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాలి కనుక, పాత్ర గోడల మందం వల్ల అవి తలకు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉండిపోయేవి. రుబీడియం ఆవిరిపై లేజరు కాంతిని పంపి కొలిచే సెన్సర్లకు ఆ శీతలం అక్కరలేదు. తలకు ఆనించి పెట్టవచ్చు, కదిలే పసిపిల్లలను కూడా పరీక్షించవచ్చు. అయితే వీటిలో అత్యంత సున్నితమైనవి దాదాపు శూన్య క్షేత్రంలోనే పనిచేస్తాయి కాబట్టి, బయటి క్షేత్రాలను అడ్డుకునే కవచం వేసిన గది ఖర్చును మొదటే లెక్కలో చేర్చుకో.

ఒకసారి నేను చిప్‌నే అనుమానిస్తూ వారాలు గడిపాక, దోషం దాని పక్కనున్న ఉక్కు స్క్రూదని తెలిసింది. నీవు ఇత్తడి స్క్రూలే వాడు. ఆ పైన క్షేత్రం మారకుండా సెన్సర్‌ను 180 డిగ్రీలు తిప్పి రెండు రీడింగులు తీసుకో. వాటి మొత్తంలో సగమే ఆఫ్‌సెట్, అంటే క్షేత్రం లేకున్నా సెన్సర్ చూపే అంకె. చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా ఇలాగే చేసి, ఆ అంకెలు నాకు పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే గురువు