ఘాట్ దిగుతుంటే ఇంజిన్ హోరు, వెనక సీటు కింద ఫ్యాన్ మోత: సమాధానం

మీ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్న బండి) ఘాట్ దిగుతుంటే ఇంజిన్ హోరెత్తుతోందని, వెనక సీటు కింద ఫ్యాన్ మోగుతోందని అడిగారు. కోరాపుట్ నుంచి సాలూరు ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసినా ఇంజిన్ హోరెత్తుతోందంటే, బ్యాటరీ నిండిపోయిందన్నమాట. పాడవలేదు. ఛార్జింగు పెట్టక్కర్లేని హైబ్రిడ్లలో బ్యాటరీ ఒకటి రెండు యూనిట్ల కరెంటుకు మించి పట్టదు. దిగుడులో మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది కాబట్టి అది తొందరగా నిండుతుంది. ఆ తర్వాత బండి వేగాన్ని ఆపి పట్టడానికి మోటారు పెట్రోలు లేకుండానే ఇంజిన్‌ని తిప్పుతుంది. దాన్ని అలాగే వదిలేయండి. మీ బండిలో ‘బి’ (ఇంజిన్‌తోనే వేగం తగ్గించే గేరు) ఉంటే, దిగుడు మొదట్లోనే అందులో వేస్తే బ్రేకులు అంతగా వేడెక్కవు.

ఫ్యాన్ మోత మాత్రం వేరే సంగతి, దాన్ని వదలొద్దు. మీరు కొత్త సీటు కవర్లు వేయించానన్నారు. అసలు అనుమానం అక్కడే. బ్యాటరీ వెనక ఉన్న బండ్లలో దాన్ని చల్లబరిచే గాలి సీటు పక్కనో కిందో ఉన్న జాలీలోంచి, అంటే మీరు కూర్చునే క్యాబిన్ నుంచే పోతుంది. చాలామంది ఏసీ ఫిల్టరు మార్పించి ఈ జాలీని మరిచిపోతారు.

1. బండి ఆపేసి, జాలీ మీద కవరు, మ్యాటు, సంచులు ఏమున్నా తీయండి.
2. జాలీ ఊడదీసి వెనకున్న ఫిల్టరు చూడండి. మన ఎర్రదుమ్ముకి త్వరగా మూసుకుపోతుంది.
3. వాక్యూమ్‌తో మెల్లగా లాగండి. నీళ్లు వద్దు.
4. కవరుని జాలీ మేరకు కత్తిరించి కుట్టించండి.

నారింజ రంగు వైర్లు ముట్టుకోకండి, అవి హై వోల్టేజివి. ఇంత చేశాక కూడా మోత తగ్గకపోయినా, హైబ్రిడ్ హెచ్చరిక లైటు వెలిగినా సర్వీసు సెంటరులో స్కానరు పెట్టించండి.