అన్నీ ఉన్నా ఎందుకీ వెలితి?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మంచి ఉద్యోగం, అర్థం చేసుకునే భార్య, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు ఉన్నారు. అయినా ఏడాదిగా ‘ఇదంతా దేనికి?’ అన్న ఆలోచన వదలడం లేదు. ఇంట్లో చెబితే, అన్నీ అమరినవారికే ఇలాంటివి తోస్తాయని కొట్టిపారేస్తున్నారు. నా జీవిత లక్ష్యమేమిటో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఈ ప్రశ్న కలిగినందుకు మీరు సిగ్గుపడవలసిన పని లేదు. చదువు, ఉద్యోగం, పెళ్లి అంటూ సాధించవలసినవి ఒకదాని వెంట ఒకటి ఎదురుగా ఉన్నంతకాలం మరుగున పడి ఉండే ఈ సందేహం, అవన్నీ ఒక కొలిక్కి వచ్చాక తలెత్తడం చాలామందిలో చూస్తుంటాం.

అయితే ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. ఇదివరకు ఇష్టపడిన పనులపై ఆసక్తి పోవడం, దిగులు, నిద్ర పట్టకపోవడం, నీరసం వంటివి రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉంటే అది కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది కనుక మానసిక వైద్యుణ్ని కలవండి. చనిపోవాలన్న తలంపు వస్తే మాత్రం వెంటనే ఇంట్లోవారికి చెప్పి, ఆలస్యం చేయకుండా వైద్యసహాయం పొందాలి.

వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ 1942 నుంచి 1945 వరకు నాజీ నిర్బంధ శిబిరాల్లో గడిపారు. తల్లిదండ్రులను, భార్యను, సోదరుణ్ని ఆ కాలంలోనే పోగొట్టుకున్నారు. జీవితం నుంచి మనం ఏం ఆశిస్తున్నామన్నది కాదు, జీవితం మన నుంచి ఏం ఆశిస్తోందన్నదే అసలు ప్రశ్న అని ఆయన బోధించారు. చేసే పనిలో, ప్రేమించే మనుషుల్లో, తప్పించుకోలేని బాధను ఎదుర్కొనే తీరులో అర్థం దొరుకుతుందన్నది ఆయన అభిప్రాయం.

వీటిలో రెండో దారి మీకు దగ్గరలోనే ఉందని నాకనిపిస్తోంది. మీ ఉత్తరంలో భార్యాపిల్లలు ఉద్యోగంతో పాటు ‘ఉన్నవాటి’ వరుసలో కనిపించారే తప్ప, వారితో కలిసి మీరు చేసే పని ఒక్కటైనా కనిపించలేదు. బహుశా రాయడం మరిచారేమో. కాకపోతే మాత్రం అక్కడే మొదలుపెట్టండి. మీ భార్య ఏ ఆలోచనలతో సతమతమవుతున్నారో, పిల్లలకు మీ వల్ల మాత్రమే తీరే అవసరమేమిటో అడిగి, సలహాలివ్వకుండా వినండి. మీరు లేకపోతే ఆగిపోయే పని ఒకటి, ఇంట్లోనైనా బయటనైనా, చిన్నదైనా సరే బాధ్యతగా తీసుకుని కొన్ని నెలలపాటు విడవకుండా చేయండి. లక్ష్యమేదో తేలాకే అడుగు వేస్తానని కూర్చోవద్దు. ఆరు నెలల తర్వాత కూడా వెలితి ఇలాగే ఉంటే కౌన్సెలర్‌ను నేరుగా కలిసి మాట్లాడండి, వీలైతే మీ భార్యను వెంట తీసుకువెళ్లండి.