దావో, యూదు మతాల తులనాత్మక అధ్యయనం: ముందు ఏది నేర్చుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫిలాసఫీ ప్రధానాంశంగా బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. చైనాకు చెందిన దావో మతాన్నీ యూదు మతాన్నీ పోల్చి పరిశోధన చేస్తానంటోంది. దీనికి ఒక పద్ధతి అంటూ ఉందా? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: పద్ధతి ఉందండీ. అయితే ఇక్కడ ఉన్నది అక్కడా ఉందని జాబితా రాయడాన్ని ఈ రంగంలో పరిశోధనగా లెక్కించరు. పోలిక మతాల్లో సిద్ధంగా ఉండదని, పరిశోధకుడే ఒక ప్రశ్నతో దాన్ని నిర్మిస్తాడని, కాబట్టి ఏ విషయంలో పోలుస్తున్నాడో ముందే చెప్పాలని షికాగో విశ్వవిద్యాలయంలో బోధించిన జోనథన్ స్మిత్ వాదించారు. ‘రెండు మతాల్లో మార్మికత’ అన్న అంశం మరీ విశాలం. మూలగ్రంథానికి వ్యాఖ్య రాసేవారు తమ మాటకు ప్రామాణ్యం ఎలా తెచ్చుకున్నారని అడిగి, దావో మతపు మూలగ్రంథమైన దావోదెజింగ్‌పై చైనా తాత్వికుడు వాంగ్ బీ (226–249) వ్యాఖ్యనూ, యూదుల పవిత్రగ్రంథమైన తోరాపై యూదు పండితుడు రాషీ (1040–1105) వ్యాఖ్యనూ పక్కపక్కన పెట్టి చదివితే అక్కడ పరిశోధన మొదలవుతుంది.

యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ కృషిని మీ అమ్మాయి శ్రద్ధగా పరిశీలించాలి. హసీదీ అనే భక్తి ఉద్యమానికి చెందిన యూదు గురువుల కథలను 1906, 1908లలో జర్మన్‌లో వెలువరించిన ఆయనే 1910లో దావో గ్రంథమైన జువాంగ్‌జి నుంచి ఎంపిక చేసిన భాగాలనూ ప్రచురించారు. వాటికి ఎక్కువగా ఇంగ్లీషు అనువాదాలపై ఆధారపడ్డారు. రెండు సంప్రదాయాలూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టు అనిపించినప్పుడు, ఆ గొంతు గ్రంథాలదా, వాటిని అందించినవారిదా అని అడగాలి. మన విద్యార్థులకు ఇంకో చిక్కు ఉంది: దావో (సమస్తానికీ మూలమైన ‘మార్గం’) అనగానే ఉపనిషత్తుల బ్రహ్మం గుర్తుకొచ్చి, తెలియకుండానే అదే కొలమానమవుతుంది. దాన్ని దాచకుండా వ్యాసంలో స్పష్టంగా చెప్పడమే మేలు.

చైనాలోని కైఫెంగ్ యూదులు 1489లో చెక్కించిన శాసనం తమ మతాన్ని చైనా తాత్విక పరిభాషలో వివరిస్తుంది. అక్కడ పోల్చినది ఆ సమాజమే కనుక, ఎంఏ సిద్ధాంత వ్యాసానికి నేనైతే దీన్నే సూచిస్తాను.

ఉద్యోగాల సంగతికి వస్తే, ఈ రెండు మతాల పోలిక పేరుతోనే బోధన పోస్టులు దాదాపు ఉండవు. చైనా అధ్యయనాలు, యూదు అధ్యయనాలు, మత అధ్యయనాలు అన్న పేర్లతో ఉంటాయి. అందుకే ఒక సంప్రదాయాన్ని ప్రధానంగా ఎంచుకుని, దాని మూలభాషలో గట్టిపడాలి. మన దేశంలో యూజీసీ నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం ఒక సబ్జెక్టుగా ఉంది. చైనీస్ నేర్చుకోవడానికి జేఎన్‌యూ, 1937లో శాంతినికేతన్‌లో ఏర్పడిన చీనా భవన్ ఉన్నాయి. ప్రాచీన చైనీస్ లేదా హీబ్రూలో కనీసం ఒకదానితో ఏడాదిపాటు కుస్తీ పట్టాక, అప్పటికీ ఆసక్తి నిలిచి ఉంటే విదేశీ పీహెచ్‌డీకి దరఖాస్తు చేయించండి.