కొత్త మొక్కలు రోహిణి కార్తె దాటాలంటే

చి. సౌ. శ్రావణికి పెద్దబాపు ఆశీస్సులు.

కాజీపేటలో కొత్తింటి ప్రహరీ వెంట మందారం, నందివర్ధనం, నూరువరహాల మొక్కలు పెట్టించావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. పెట్టించింది ఫాల్గుణం చివర అని తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు. తొలకరిలో పెట్టవలసిన మొక్కలను ఎండల మొదట్లో పెట్టడం ఏమిటమ్మా? సరే, పెట్టావు కనుక కాపాడుకునే తీరు చదువు.

నీళ్లు తెల్లవారుజామునే పోయాలి. వానలు పడేదాకా ఎరువు వేయవద్దు, కొమ్మలు కత్తిరించవద్దు.

పరకాలలోని మన పాత ఇంట్లో మీ బాపు చేసిన పొరపాటు నువ్వూ చేస్తావేమోనని నా భయం. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆయన కూడా వేసవి ముందే మందారాలు తెచ్చి, రోజూ సాయంత్రం పైపు పట్టుకుని ఆకులు తడిసేలా, నేల రంగు మారేలా నీళ్లు చల్లేవాడు. చూసేవాళ్లకు పెరడంతా తడిగానే కనిపించేది. అయినా మే చివరికి మొక్కలు వరుసగా ఎండిపోయాయి. ఒకదాన్ని తవ్వి చూస్తే, రెండంగుళాల కింద చెలక మట్టి, అదే మన ఎర్ర ఇసుక మట్టి, పొడిపొడిగా రాలింది. నర్సరీ సంచిలో వచ్చిన బంకమట్టి ముద్ద ఇటుకలా గట్టిపడి ఉంది. వేర్లన్నీ ఆ ముద్దలోనే చుట్టుకున్నాయి తప్ప బయటి మట్టిలోకి ఒక్కటీ పాకలేదు. అలాంటి ముద్ద ఒకసారి ఎండిందంటే పోసిన నీళ్లు పక్కలకు జారిపోతాయి గాని లోపలికి ఇంకవు. మీ బాపు దాన్ని చేతిలో పట్టుకుని ఎంతోసేపు అక్కడే కూర్చున్నాడు. ఆయనకు మొక్కల మీద ప్రేమ తక్కువై అలా జరగలేదు.

అందుకని ప్రతి మొక్కకూ పాదు చేసి, ఆ ముద్ద మీదనే బకెట్ నీళ్లు ఆగి ఆగి పోయి. చెలక నేల కనుక రోజు విడిచి రోజు పోస్తే మంచిది. పోశాక సన్నని ఇనుప చువ్వ గుచ్చి చూడు; జానెడు లోతుకు సులువుగా దిగితే తడి అందినట్టే. ఎప్పుడైనా పొద్దెక్కాక పైపుతో పోయవలసి వస్తే, అందులో కాగిన నీళ్లను ముందు బయటికి వదిలేయి. పాదులో మూడంగుళాల మందాన వరిగడ్డి పరిచి, కాండానికి మాత్రం తగలనీయకు. మన దగ్గర గడ్డి తగిలిన చోటల్లా చెదలు పడతాయి. పడమటి గోడ పగలంతా కాగి రాత్రి దాకా వేడిని వదులుతుంది కాబట్టి, ఆ వైపు మొక్కలకు మధ్యాహ్నపు నీడ కోసం గ్రీన్ నెట్ గాని తాటి కమ్మలు గాని కట్టించు.

ఇంకొక మాట, ఇది మొక్కల కంటే ముఖ్యం. మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడితే కంగారుపడి ఎండలోకి పరుగెత్తకు. వేర్లు అందించే నీటి కంటే ఆకులు వదిలేది ఎక్కువైనప్పుడు తడి ఉన్నా అవి వాడతాయి, చల్లబడ్డాక తేరుకుంటాయి. తెల్లవారాక కూడా వాడిపోయి ఉంటేనే మట్టి చూసి నీళ్లు పోయాలి. 43 డిగ్రీల ఎండలో వడదెబ్బ తగిలి నువ్వు పడిపోతే, ఆ మందారాలను నేనేం చేసుకోవాలి బిడ్డా?

మృగశిరలో వానలు కుదురుకున్నాక నీడను కొద్దికొద్దిగా తీసేసి, నీళ్లు నిలవకుండా పాదులకు గండి కొట్టు. ఈలోగా ఏదైనా చనిపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచు. వానలకు నందివర్ధనం అంట్లు నేనే తెస్తాను.

మీ పెద్దబాపు,
హన్మకొండ